తాళం వేసే లోపు

గోడ గడియారం ఆరున్నర చూపిస్తోంది, అంటే నిజానికి ఆరూ ఇరవై. మా లైబ్రరీ గడియారం పది నిమిషాలు ముందు నడుస్తుందని నాకూ తెలుసు, అటెండరు బాలనర్సింహకూ తెలుసు, పేపర్ల బల్ల దగ్గర రోజూ కూర్చునే ఆదిశేషయ్యగారికీ తెలుసు, అయినా సాయంత్రం ఏడున్నరకు తాళం వేసేటప్పుడు మాత్రం అందరం ఆ గడియారాన్నే నమ్ముతాం, ఇంటికి పది నిమిషాలు ముందు పోవడం ఎవరికి చేదు. ఇవాళ నాకు ఆ పది నిమిషాలు కావాలి. స్టూలెక్కి ముల్లు వెనక్కి తిప్పేద్దామా అని ఇప్పటికి రెండుసార్లు అనుకున్నాను. ముప్పై అయిదేళ్లదాన్ని, పురానాపూల్ దగ్గర ఈ చిన్న శాఖా గ్రంథాలయానికి పదేళ్లుగా లైబ్రేరియన్ని, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని స్టూలెక్కితే ఆదిశేషయ్యగారు కళ్లజోడు పైనుంచి చూసి, కాలాన్ని వెనక్కి తిప్పాలంటే జీవో కావాలమ్మా అంటారు. సెక్రటేరియట్‌లో గుమాస్తాగా రిటైరైన మనిషి కదా, ఆయన లెక్కలో జీవో లేనిదే వానైనా పడదు. తారీకు ముద్రలో అంకెలు పొద్దున్నే తిప్పి పెట్టాను, 22 జూన్ 1978, గురువారం. రేపు శుక్రవారం, మాకు సెలవు. ఏడున్నర లోపల ఆండాలు రాకపోతే రేపంతా ఈ తలుపు మూసే ఉంటుంది, మరి నేను ఎక్కడ కూర్చుని ఎదురుచూడాలి?

రాకపోతే అని ఎందుకనుకోవాలి, వస్తానంది కదా. లేదు, వస్తాననలేదు, సరిగ్గా గుర్తు తెచ్చుకో అమ్మాజీ, నీకు కావలసిన మాటలు ఆమె నోట్లో పెట్టకు. పొద్దున పాలు పోయడానికి వచ్చింది, క్యాన్ కింద పెట్టకుండానే గుమ్మంలో నిలబడి చెప్పింది. "ఇయ్యాల పంచాయితి గూసుంటది. ఆండాలూ, నీ మాటేంది అని అడుగుతరు గద, అప్పుడు జెప్త. ఒద్దని జెప్పిన్నంటే నువ్వు తాళమేసే లోపట లైబ్రరీకొస్త." రాకపోతే, అన్నాను నేను. "రాకుంటే రాలేదనుకో," అంది. అంతే, గ్లాసుతో పాలు కొలిచి పోసి, చెయ్యి చీరకు తుడుచుకుని వెళ్లిపోయింది. నాలుగేళ్ల జీవితానికి ఇంత చిన్న నోటీసా అని నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో స్టవ్ మీద పాలు పొంగి సగం నేలపాలయ్యాయి, మిగిలిన సగంతో కాఫీ పెట్టుకుంటే మాడు వాసన.

పంచాయితీ మూడు గంటలకు మొదలై ఉంటుంది. ఆండాలు అన్న ఎల్లయ్యది పాల వ్యాపారం, వంతెనకు అవతల వాళ్ల ఇల్లు, వాకిలి నిండా బర్రెలు, ఆ బర్రెల మధ్య మంచాలు వేసి కులపెద్దలను కూర్చోబెట్టి ఉంటారు. పదిహేనో ఏట ఆండాలుకు లంగర్‌హౌజ్ అతనితో పెళ్లి చేశారు. మూడేళ్లకు అతను ఇంకొకామెను తెచ్చుకున్నాడు, ఆండాలు మూట కట్టుకుని అన్న ఇంటికి వచ్చేసింది, పధ్నాలుగేళ్లుగా అన్న బర్రెలకు మూసీ ఒడ్డున గడ్డి కోసి వేస్తోంది. వాళ్లలో మారుమనువుకు అడ్డేమీ లేదు, కాని ముందు పెద్దల ఎదుట మొదటివాడితో ఇడుపు కాయితం రాయించుకోవాలి. ఇన్నేళ్లూ ఆ కాయితం అక్కర ఎవరికీ పడలేదు. ఇప్పుడు అత్తాపూర్ రాజన్న, పెళ్లాం పోయినవాడు, ఆండాలును చేసుకుంటానని కబురు పెట్టాడు. ఈ రాజన్న చెడ్డవాడైతే నాకు ఎంత హాయిగా ఉండేది. తాగడు, ఒకరిని ఒక మాట అనడు, సైకిలు మీద పాల క్యాన్లు కట్టుకుని పోతూ ఒకసారి నాకు నమస్కారం కూడా పెట్టాడు. అట్లాంటి మనిషిని ఒద్దనాలంటే ఆండాలు పదిమంది మగవాళ్ల ముందు ఏ కారణం చెప్పాలి? నా పేరు చెప్పాలా? చెబితే ఏ వరసలో చెప్పాలి? అక్క కాదు, చెల్లి కాదు, వదిన కాదు. లైబ్రరీ మేడం అంటే నవ్వుతారు. నేనే ఆ మంచం మీద పెద్దమనిషినై కూర్చుంటే నేనూ నవ్వుతాను కాబోలు.

వరస లేకపోవడం నాకు కొత్త కాదు, నంబరు లేకపోవడం మాత్రం కష్టంగా ఉండేది, పుస్తకాలకు నంబర్లు వేసుకుని బతికేదాన్ని. ప్రపంచంలో ఉన్న ప్రతి విషయానికీ ఒక అంకె ఉంటుందని మాకు శిక్షణలో చెప్పారు. తేనెటీగలకు ఉంది, తోలు బూట్లకు ఉంది, చనిపోయిన భాషలకు ఉంది. రెండేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం తలుపు గడియ వేసుకుని ఆ అంకెలుండే వర్గీకరణ పుస్తకంలో మా ఇద్దరి అంకె వెతికాను. మానసిక రుగ్మతల పక్కన దొరికింది. చాలాసేపు ఆ పేజీ చూస్తూ కూర్చుని, తర్వాత ఆ పుస్తకం మూసి బీరువాలో పెట్టేశాను. నాకు ఎండాకాలం వచ్చే తలనొప్పి తప్ప ఏ రుగ్మతా లేదు. నేను ఆండాలును ప్రేమించాను. మగవాడు ఆడదాన్ని ఎట్లా కోరుకుంటాడని చెప్తారో అట్లాగే కోరుకున్నాను, ఆమె కూడా నన్ను కోరుకుంది, ఇది స్నేహమని ఊరికి చెప్పుకుంటాం గాని మాకు మేం ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆ రోజు నుంచి పుస్తకాలకు నంబర్లు వేసేటప్పుడు నాకు మునుపటంత భక్తి లేదు, చెయ్యి అలవాటు కొద్దీ వేస్తుంది.

ఆదిశేషయ్యగారు పేపరు తిప్పారు. ఒకే పేపరును మొదటి నుంచి చివరకు, చివరి నుంచి మొదటికి చదువుతారు. "ఏమ్మా అమ్మాజీ, ఇవాళ నిప్పుల మీద కూర్చున్నట్టున్నావు, ఒంట్లో బాగోలేదా?" అన్నారు. బాగానే ఉందండీ అన్నాను. ఆయనకు నేనంటే అభిమానం, ఇద్దరం ఒకవైపు మనుషులమని, ఆంధ్రావాళ్లమని. ఆ ఒకవైపు ఏవైపో ఆయనా ఎప్పుడూ ఆలోచించలేదు, నేనూ సరిచేయలేదు. నేను పుట్టింది రంగూన్‌లో. మా నాన్న ప్రకాశం అక్కడ బియ్యం మిల్లులో తూకం రాసే గుమాస్తా. అరవై నాలుగులో అక్కడ మనవాళ్లకు బతుకుతెరువు పోయి అందరం ఓడెక్కి విశాఖపట్నంలో దిగినప్పుడు నాకు ఇరవై ఒకటి. సొంత దేశానికి తిరిగొచ్చామని పెద్దవాళ్లు రేవులో మట్టి కళ్లకద్దుకున్నారు, నేనేమో మొట్టమొదటిసారి వచ్చినదాన్ని, ఎండకు కళ్లు చిట్లించుకుని మా సామాను ఎక్కడుందా అని చూస్తున్నాను. రంగూన్ రేవులో ఓడెక్కే ముందు ఎదురింటి బర్మా అమ్మాయి, మా తిన్ అని పేరు, నా బుగ్గలకు తనకా పూసి పంపింది. తనకా అంటే వాళ్లు రాతి మీద నీళ్లతో అరగదీసి పూసుకునే ఒక చెక్క, గంధం రంగులో చల్లగా ఉంటుంది. ఓడ రెండు రోజులు పోయేదాకా నేను మొహం కడుక్కోలేదు. మా అమ్మకు అది మొండితనం, నాకు అప్పటికే తెలుసు అదేమిటో, పేరు మాత్రం తెలియదు.

తర్వాత కాందిశీకుల కోటాలో లైబ్రరీ సర్టిఫికెట్ కోర్సు, ఉద్యోగం, హైదరాబాదు. చేరిన మరుసటి ఏడే, అరవై తొమ్మిదిలో, గొడవలు, ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలని గోడల నిండా రాతలు. ఒక పొద్దున పాతికమంది కుర్రాళ్లు లైబ్రరీ ముందుకొచ్చి లోపలున్న ఆంధ్రా మేడం బయటికి రావాలన్నారు. నేను రిజిస్టరు గుండెలకు హత్తుకుని నిలబడ్డాను, అదేదో కవచమైనట్టు. అప్పుడు బాలనర్సింహ గడప మీద నిలబడి, "ఏ, ఎవలు జెప్పిండ్రు ఆంధ్ర అని? గీ మేడం రంగూన్!" అని అరిచాడు. కుర్రాళ్లలో ఒకడు రంగూన్ యాడుందిరా అన్నాడు, ఇంకొకడు బెజవాడ దాటినంక అన్నాడు, వాళ్లలో వాళ్లకు లొల్లి అయింది. రంగూన్‌వాళ్లు వెళ్లిపోవాలని ఎవరూ నినాదం తయారు చేసుకుని రాలేదు. కాసేపు చూసి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం గదికి పోయి ఏడ్చాను, భయంతో కాదు, వెళ్లిపొమ్మంటే ఎక్కడికి పోవాలో తోచక.

ఏడు కావస్తోంది. వీధిలో నడిచిన ప్రతి చెప్పు చప్పుడూ ఆమెదే అనిపిస్తుంది, అసలు ఆండాలు చెప్పులే వేసుకోదు, ఎంత పిచ్చిదాన్ని. డెబ్భై నాలుగులో మొదటిసారి వచ్చినప్పుడు కూడా వట్టి కాళ్లే, మోకాళ్లదాకా బురద, పక్క హోటల్‌కు పాలు పోసి పోతూ పేపర్ల బల్ల దగ్గర ఆగి, నిలబడే, పెద్ద అక్షరాలు ఒక్కొక్కటీ గొంతెత్తి చదవడం మొదలుపెట్టింది. నాలుగో తరగతి దాకా చదివిందట. ఇక్కడ నిశ్శబ్దంగా ఉండాలి అన్నాను కోపంగా. "నోరు మూస్కొని సదువుడు నాకు రాదు మేడం, ఇనబడకుంటే నాకెట్ల ఎర్కైతది?" అంది. ఆదిశేషయ్యగారు నవ్వేశారు, నేను మాత్రం బోర్డు చూపించాను. లైబ్రరీ నిబంధనలు పన్నెండు, నా చేత్తో రాసి గోడకు తగిలించినవి. ఆమె బోర్డు ముందు నిలబడి పన్నెండూ గొంతెత్తి చదివింది, అరగంట పట్టింది. వారం తిరిగేసరికి అన్నను వెంటబెట్టుకొచ్చి సభ్యత్వం తీసుకుంది. మా దగ్గర సొంత ఇల్లున్నవాళ్లు ఒకరు జామీను ఉండాలి. ఎల్లయ్య వేలిముద్ర వేస్తూ, "గిది సదివి ఏం జేస్తది మేడం, బర్రెలకు ఇనిపిస్తదా," అన్నాడు. నిజంగానే వినిపించింది. ఆమె మొదట అడిగి తీసుకున్నది పశువుల జబ్బుల మీద పుస్తకం, నాలుగేళ్లలో పదకొండుసార్లు తీసుకుంది, గడ్డి కోస్తూ, పాలు పితుకుతూ అందులో పేజీలు పైకి వల్లించేది. గాలికుంటు వచ్చిన పక్కింటి బర్రెకు వైద్యం చేసి బతికించి, ఆ సంగతి చెప్పడానికి పరుగెత్తుకుంటూ వచ్చింది, నేను నిబంధన మరచిపోయి గట్టిగా చప్పట్లు కొట్టాను.

మధ్యాహ్నాలు పదకొండు నుంచి నాలుగు వరకు లైబ్రరీ మూసి ఉంటుంది, ఆ వేళల్లో ఆమె బహదూర్‌పురాలో నా గదికి రావడం మొదలుపెట్టింది. మొదట చదువు కోసం, తర్వాత చదువు వంకతో. నా దగ్గర బొటనవేలంత తనకా చెక్క మిగిలి ఉండేది, ఒకరోజు అరగదీసి పూసుకుని కూర్చున్నాను. "ఏంది, మొకానికి సున్నమేసుకున్నవ్?" అంది. చల్లగా ఉంటుంది, చూడు అన్నాను. చూడడానికి వేలు పెట్టింది, ఆ వేలు బుగ్గ మీద నుంచి తియ్యలేదు, నేనూ తియ్యమనలేదు. పచ్చగడ్డి వాసన, పాల వాసన, నా గుండె చప్పుడు ఆమెకు వినబడుతుందేమోనని సిగ్గు. ఆ ఆషాఢంలో ఒక సాయంత్రం వాన పట్టుకుని రోడ్డంతా మోకాలి లోతు నీళ్లయితే ఆమె నా దగ్గరే ఉండిపోయింది. తెల్లవారుజామున దగ్గర్లోని జూలో సింహం గర్జించింది. మా వీధిలో అందరికీ అది కోడికూత కింద లెక్క. ఆండాలు దిగ్గున లేచి నా చెయ్యి పట్టుకుంది, సంగతి చెప్తే ఊపిరి పీల్చుకుని, "అంతేనా, మా అన్న గురక గింతకంటె లావుంటది," అంది. ఇద్దరం దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వాం. ఇంటి యజమానురాలు నాగమణమ్మ గోడ అవతల నుంచి, "ఏందే పొద్దుగాల్నే నగుతున్నరు, నాక్గూడ జెప్పుండ్రి," అని కేకేసింది. ముప్పై ఏళ్లు దాటాక మొదటిసారి నేను ఒక ఇంట్లో ఉన్నాను అనిపించింది, అది ఒక గదే అయినా.

తలుపు దగ్గర నీడ పడింది. లేచి నిలబడ్డాను, కుర్చీ వెనక్కి పడింది. ఆండాలు కాదు, ఆమె వదిన, ఎల్లయ్య భార్య పుష్పమ్మ. కొంగులోంచి ఒక పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టింది. "ఆండాలు ఇచ్చి రమ్మన్నది, తీస్కోండ్రి." పశువుల జబ్బుల పుస్తకం. అందులోంచి నీలం రంగు సభ్యత్వ కార్డు బయటికి జారింది. కార్డు కూడానా, అన్నాను. "రెండూ ఇయ్యమన్నది. మర్సిపోకు అని మల్ల మల్ల జెప్పింది." పంచాయితీ ఏమైంది పుష్పమ్మా? "ఏడైతది, ఇంక ఒడ్వలే. పెద్దమనుషులకు చాయ్ వెట్టాలె, షక్కర్ అయిపోయింది, గందుకె ఇటొచ్చిన. రాజన్న గూడ వచ్చిండు, కొత్త ధోతి గట్టుకొని పెండ్లికొడుకు లెక్క గూసున్నడు." నవ్వింది, చెడ్డ నవ్వేమీ కాదు, ఇంట్లో శుభం జరగబోతున్న మనిషి నవ్వు. చక్కెర పొట్లం చేతిలో పట్టుకుని వెళ్లిపోయింది.

అయిపోయింది. పదేళ్ల నుంచి ఈ బల్ల వెనక కూర్చున్నాను, కార్డు వాపసు రావడమంటే ఏమిటో నాకు తెలియదా. బదిలీ అయినవాళ్లు ఇస్తారు, పోయినవాళ్ల కొడుకులు తెచ్చి ఇస్తారు. వాళ్లకంటే ఎక్కువగా, పెళ్లి కుదిరిన అమ్మాయిల తల్లులు తెస్తారు. ఇంక చదువుకునే తీరిక ఏడుంటది మేడం అంటారు, నేను శుభం అని కార్డు తీసుకుని ముద్ర కొడతాను. ఎన్ని కొట్టాను, యాభయ్యా, అరవయ్యా, ఒక్కసారి కూడా ఆ పిల్లను ఒకసారి పంపించమ్మా అని అడగలేదు. ఇప్పుడు ఆండాలు స్వయంగా కూడా రాలేదు, వదిన చేత పంపింది. పోనీలే, మంచి మనిషి రాజన్న, పది బర్రెలు, సొంత ఇల్లు, రేపు జబ్బు చేస్తే చూసేవాళ్లుంటారు, నా దగ్గర ఏముంది, ఒక గది, సింహం అరుపు. ఇట్లా నేను ఎంతో ఉదారంగా ఆలోచిస్తున్నానని ఒక పక్క అనుకుంటూనే ఇంకో పక్క చెయ్యి సొరుగు లాగింది, రద్దు అని ఉన్న ముద్ర తీసింది, సిరా దిండు మీద గట్టిగా నొక్కింది. కోపం నాకు చేతుల్లో ఉంటుంది. ఠపీమని కార్డు మీద కొట్టాను. ఆమె పేరు మీద, ఎల్లయ్య జామీను నంబరు మీద, అడ్డంగా పడింది. కొట్టాక, ఆ శబ్దానికి ఆదిశేషయ్యగారు ఉలిక్కిపడి చూశాక, ముద్రను సొరుగులో పడేశాను.

ఆయన పేపరు మడిచి, గొడుగు తీసుకుని, "వస్తానమ్మా, రేపు సెలవు కదా, విశ్రాంతి తీసుకో," అని వెళ్లిపోయారు. విశ్రాంతి. బదిలీకి దరఖాస్తు పెట్టుకుంటాను. అయ్యా, నా ఆరోగ్య కారణాల రీత్యా నన్ను ఏదైనా వేరే శాఖకు. ఏ వేరే శాఖకు? ఎక్కడైనా పాలవాళ్లు ఉంటారు, గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని ఎవరో ఒకామె పోతుంటుంది. అయినా ఎందుకు పోవాలి నేను, ఇప్పటికి ఒక సముద్రం దాటాను చాలదా. ఈ వీధి నాది, ఈ పన్నెండు నిబంధనలు నావి, వంతెన మీద నిలబడితే ముక్కు మూసుకోవలసిన ఆ మూసీ కూడా నాదే. పెళ్లి చేసుకుని అత్తాపూర్ పోతుంది, పోనీ, నాలుగేళ్లు నా దగ్గర గొంతెత్తి చదివింది, ఆ నాలుగేళ్లను ఏ పెద్దమనిషీ కాయితం రాసి విడదీయలేడు. నన్ను ఎవరైనా కోరుకుంటారని నాకు తెలియదు, ఆమె చెప్పింది, వేలితో చెప్పింది. ఇట్లా అనుకుంటే ఎక్కడో కొంచెం గాలి ఆడింది. ఏడుపు వచ్చింది గాని అది ఆ అరవై తొమ్మిది నాటి ఏడుపు కాదు. పుస్తకం దగ్గరకు లాక్కుని వెనక అతికించిన తారీకుల కాగితం చూశాను. పదకొండు తారీకులూ ఆమెవే, చివరిది 22 జూన్. ఇవాళే గడువు. రేపు ఇస్తే ఆలస్యం అయ్యేది, పంచాయితీ మధ్యలో కూడా ఆమెకు గడువు గుర్తుంది. ఎంత బాగా నేర్పాను, అనుకుని నవ్వొచ్చింది.

బాలనర్సింహ కిటికీలు మూయడం మొదలుపెట్టాడు. గడియారం ఏడున్నర దాటి రెండు నిమిషాలు. రోజూ ఆ ముల్లు ఆరు మీద పడేసరికి తాళం చేతిలో పట్టుకునే మనిషి, ఇవాళ ఒక కిటికీకి గడియ వేయడానికి ఎంతసేపు తీసుకున్నాడో. తర్వాత నేను నిలబెట్టని కుర్చీని నిలబెట్టి, తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. వేద్దామా తాళం, అన్నాను. "ఆ గడియారం తప్పు మేడం," అన్నాడు వీధి వైపు చూస్తూ. "ఇంక పది నిమిషాలుంది. కూసుందాం, నాకేం ఫికర్ లేదు." ఇతనికి ఎంత తెలుసో నేను ఎప్పుడూ అడగలేదు. పదేళ్లుగా నా పక్కన ఉన్న మనిషి, నాలుగేళ్లుగా ఆండాలు రాకపోకలు చూస్తున్న మనిషి. అడగకపోవడమే మా మధ్య మర్యాద. ఇద్దరం తలుపులోంచి చూస్తూ కూర్చున్నాం. వీధి దీపం వెలిగింది, ఎవరో రిక్షా బేరం ఆడుతున్నారు, వాన వచ్చేలా ఉంది.

గిట్టల చప్పుడు వినిపించింది, నిదానంగా. రిక్షావాడు ఎవరినో తిట్టి పక్కకు లాగాడు. ముందు రెండు కొమ్ములు కనబడ్డాయి, తర్వాత నల్లగా పెద్ద మొహం, ఆ తర్వాత పలుపు తాడు పట్టుకుని, నెత్తిన మూటతో, వట్టి కాళ్లతో ఆండాలు. బర్రెను తెచ్చి సరిగ్గా మా లైబ్రరీ బోర్డు గుంజకు కట్టేసింది, మూట దించి గడప మీద పెట్టింది. "ఏమైతుంది, గట్ల జూస్తున్నవ్?" అంది. "తాళమెయ్యలే గద? గిది నడుస్తలేదు, కొత్త తొవ్వ గద, అడుగడుగుకు నిలవడ్డది."

రాజన్నో, అన్నాను. "ఒద్దన్న. మంచోడే, గని నాకొద్దు అన్న. కాయితం మీద ఆయన ఏలు వెట్టిండు, లంగర్‌హౌజోడు. గదైనంక పెద్దమనుషులు, మల్ల నువ్వు యాడుంటవ్, ఎవలతోనుంటవ్ అన్నరు. అమ్మాజితోని ఉంట అన్న. ఎవలే అమ్మాజి అంటే, నా మనిషి అన్న." ఊపిరి తిప్పుకుంది. "ఒకలి మొకం ఒకలు జూస్కున్నరు. మా అమ్మ నాకిచ్చిన బర్రె గిది, నాతోని తోల్కపోత అన్న. ముడి గట్టిగ వడ్డది, నాకు ఇప్పరాలే. అన్ననే లేసొచ్చి ఇప్పిండు, తాడు నా చేతిల వెట్టిండు. ఏడ్సిండు." ఆమె కళ్లు కూడా తడిగానే ఉన్నాయి, కాని గొంతు లైబ్రరీ అంతా వినబడేలా ఉంది, ఎప్పటిలాగే.

మరి ఇదేమిటి, అని కార్డు ఎత్తి చూపించాను. అడ్డంగా పడ్డ ముద్ర చూసి ఆమె సంతోషంగా తల ఊపింది. "ఆఁ, కొట్టేసినవా, మంచిగైంది. ఇల్లు మారితే పాత కార్డు నడ్వది, వాపస్ ఇచ్చి కొత్తది తీస్కోవాలె. ఏడో నిబంధన. నువ్వే రాసినవ్ గద." గోడ వైపు తిరిగి వేలుతో చూపించింది. నా చేతిరాతే, ఏడో నంబరు, గుండ్రంగా, స్పష్టంగా. "మా అన్న జామీను మీద తీస్కున్న కార్డు. ఆయన ఇంట్లకెళ్లి ఎల్లినంక గా జామీను మీద సదువుడు నాకు మంచిగ గొట్టదు. పొద్దుగాల్నే నీకిద్దామనుకున్న, యాదిమర్సిన. గందుకే వదినెతోని తోలిచ్చిన." పొద్దున్నే అంది. అంటే పెద్దలు అడగకముందే, రాజన్న కొత్త ధోతి కట్టుకోకముందే, నా పాలు పొంగిపోకముందే ఈమె ఇల్లు మారిపోయింది. నేను రాసిన నిబంధన నాకే గుర్తు రాలేదు. బర్రెను ఎక్కడ కడతావు, అని మాత్రం అడగగలిగాను. "నాగమణమ్మతోని ఎప్పుడో మాట్లాడిన. ఎన్క కొట్టం కాళీగనే ఉన్నది. పొద్దుమాపు ఆమెకు పాలిస్తన్న." ఎప్పుడో అంటే ఎప్పుడు, అన్నాను కోపంగా. నాకు ఎందుకు చెప్పలేదు? "జెప్తె నువ్వు ఫికర్ జేస్తవ్. ఇప్పుడు కొత్త కార్డియ్యి. బుక్కు గూడ మల్ల ఇయ్యి, దీనికి పొదుగు వాసినట్టుంది."

బాలనర్సింహ అప్పటికే బీరువా తెరిచి కొత్త ఫారం తీసి బల్ల మీద పెట్టాడు. ఉద్యోగి జామీను ఉండకూడదు, నేను సంతకం పెట్టలేను అన్నాను. మీరు లైబ్రేరియన్ గద మేడం, నేను అటెండర్ని, అన్నాడు. అటెండరు కూడా ఉద్యోగే అన్నాను. అయితే మా ఆడామె పేరు మీద ఉంది ఇల్లు, శనివారం దస్కత్ పెట్టిచ్చుకొస్త, రాసుకోండ్రి, అన్నాడు. నేను పెన్ను తీశాను. పేరు, ఆండాలు. వయసు, ముప్పై రెండు. వృత్తి, పాల వ్యాపారం. చిరునామా దగ్గర నా చెయ్యి తనంతట తనే కేరాఫ్ అమ్మాజీ అని రాసింది. ఆమె నా భుజం మీదుగా వంగి గొంతెత్తి చదివి, "కేరాఫ్ అంటే ఏంది?" అంది.

అంటే నువ్వు ఫలానావాళ్ల ఇంట్లో ఉంటున్నావని, అన్నాను. ఆమె ఆ మాట మీద వేలు పెట్టింది. "అన్న ఇంట్ల పద్నాలుగేండ్లు గట్లనే ఉన్న. మల్ల గదేనా? ఇల్లు మనది గాదా?" అంది. "కొట్టెయ్."

విశాఖపట్నంలో క్యాంపు ఆఫీసరు కేరాఫ్, తర్వాత పెదనాన్న కేరాఫ్, హాస్టలు వార్డెన్ కేరాఫ్, ఇప్పటికీ నాకు వచ్చే ఉత్తరాలు నాగమణమ్మ కేరాఫ్. ఓడ దిగిన నాటి నుంచి నా పేరు ఇంకొకరి పేరు వెనకే నడిచింది, అది ఒక లోటని నాకు ఎన్నడూ తోచలేదు, చిరునామా అంటే అట్లాగే రాస్తారనుకున్నాను. ఆ మాట మీద గీత పెట్టాను. నేరుగా వచ్చింది, స్కేలు పెట్టకుండానే. కొట్టివేత ఉన్నచోట పక్కనే సంతకం ఉండాలి, లేకపోతే ఫారం చెల్లదు. అందుకని చిన్నగా అమ్మాజీ అని రాశాను. "నేనూ పెడ్త," అని ఆండాలు పెన్ను లాక్కుంది. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం పైకి అనుకుంటూ రాసింది. ఆ గడిలో చోటు చాలలేదు, ఆమె చివరి అక్షరం నా పేరు మీదికి ఎక్కింది. ఉండనిచ్చాను.